ఆంగెరాన్ దొర ఎముకలు

మా మొంవేర్ దొరలకు నాలుగు తరాలుగా జెరూసలేం యుద్ధాలకు పోవడమే పని. అక్కడ చచ్చిన దొరని ద్రాక్షసారాలో ఉడికించి, ఎముకలు మాత్రం పెట్టెలో పెట్టి తెస్తారు. వెంట వెళ్ళిన మా పిల్లల ఎముకలు ఎవడు తెస్తాడు? గద్దల పాలే.

ఈసారి పెట్టెలో వచ్చింది ఆంగెరాన్ దొర. తెచ్చినవాడు ఆయన అనుచరుడు రెన్యే. వస్తూనే సంత నడుమ నిలబడి అరిచాడు.

"దొరగారిని శత్రువులకొదిలేసి ఆ ఓబాన్‌గాడు పారిపోయాడు! లేకపోతే ఆయన బతికేవాడే!"

ఓబాన్ నా కొడుకు. ఒక్కగానొక్కడు. అంతే, ఊరు ఊరంతా నా మొహాన ఉమ్మేసింది. ద్రోహి పేరున చర్చిలో పూజ ఉండదన్నాడు పాదిరీ.

సమాధి చేసేముందు ఎముకలు కడగాలి. కోటలో బట్టలుతికేదాని పని అది, అంటే నాదే.

"దీని చెయ్యి తగలనివ్వకండమ్మా," అన్నాడు రెన్యే.

"కడగనీ. కొడుకు పాపం కొంతైనా పోతుంది," అంది ఆంగెరాన్ దొర భార్య, మహో దొరసాని.

కడుగుతుంటే కాలి ఎముక చేతికొచ్చింది. మోకాలి కింద విరిగి, వంకరగా అతుక్కుంది. చిన్నప్పుడు ఓబాన్ కాలి మీదికి బండి చక్రం ఎక్కితే కట్టు కట్టింది నేనే. వంకరగా కట్టానని మా అత్త చచ్చేదాకా తిట్టిపోసింది. ఇది నా ఓబాన్ ఎముకే. తలెత్తి చూస్తే రెన్యే మొహాన నెత్తురు చుక్క లేదు. దొరని వదిలేసి పారిపోయింది ఈ దొంగ వెధవే! చేతికందిన శవాన్ని ఉడికించి దొరని చేశాడు.

ఒక్క అరుపు అరిస్తే వీడు ఉరికంబం ఎక్కుతాడు, నా బిడ్డ మీది మచ్చ పోతుంది. తర్వాత? నా బిడ్డ ఎముకలు చర్చి వెనక మట్టిలో పడేస్తారు, మళ్ళీ తలిచేవాడుండడు. నోరు మూసుకుంటే లోకం ఉన్నన్నాళ్ళూ రోజూ పొద్దున్నే, దొరవనుకుని, ఈ ఎముకల ముందు పూజ జరుగుతుంది. అవి ఎవరివో దేవుడికి తెలీదా?

"ఏమే, ఆగిపోయావేం?" అంది దొరసాని.

"నా కొడుకు గుర్తొచ్చాడమ్మా. పిరికి వెధవ! ఎక్కడున్నా కుక్కచావు చస్తాడు," అన్నాను. నా నోటితో నేనే అన్నాను.

ఎముక తుడిచి దొరసాని చేతికిచ్చాను. ఆమె ఏడుస్తూ దాన్ని ముద్దుపెట్టుకుంది. నాకు ఆ వీల్లేకపోయింది.