పక్క కొట్టు మాట

కూతురి చదువు గురించి ఆలోచించేనాటికి నాకున్న ఆస్తి ఒక రంగుల కొట్టు, క్లాసులో అందరికంటే ముందున్న కూతురు, పక్క కొట్టులోనే నమ్మకమైన బావమరిది.

మా వర్తక సంఘం ఏటా ఒక్క వ్యాపారి బిడ్డకు కాలేజీ ఫీజు మొత్తం కడుతుంది. మార్కులు చూస్తారు, తర్వాత వ్యాపారం నిజంగా డల్‌గా ఉందో లేదో ఆరా తీస్తారు. తన కొట్టు గురించి ఏ వ్యాపారీ నిజం చెప్పడని సంఘం వాళ్లకు బాగా తెలుసు. అందుకే పక్క కొట్టువాణ్ని అడుగుతారు. నా పక్క కొట్టు బావమరిదిది కదా, అమ్మాయి పేరిట అప్లికేషన్ పెట్టి, ఇక గుండెల మీద చెయ్యి వేసుకుని పడుకున్నాను.

స్కాలర్‌షిప్ వాడి కొడుక్కి వచ్చింది. వాడు అప్లికేషన్ పెట్టినట్టే నాకు తెలియదు. నా వ్యాపారం బాగుందని మా అమ్మాయి పేరు కొట్టేశారట.

నేరుగా వాడి కరెంటు సామాన్ల కొట్టుకి వెళ్లాను. వైరు చుట్ట కొలుస్తున్నాడు, తల ఎత్తలేదు.

"ఏం చెప్పావురా వాళ్లకి?"

"అరలు నిండుగా ఉన్నాయా అనడిగారు బావా. ఉన్నాయన్నాను. అబద్ధమా?"

"పై అరల్లోవన్నీ ఖాళీ డబ్బాలని నీకు తెలీదూ? సరుకు కనబడకపోతే గిరాకీ రాదని నిచ్చెనెక్కి సర్దింది నువ్వే కదరా."

"అది వాళ్లు అడగలేదు."

"ఆహా, కోర్టులో సాక్షిలా మాట్లాడుతున్నావే."

వాడు వైరు కింద పెట్టాడు. "మీ అమ్మాయి తెలివైంది, ఎలాగైనా నెగ్గుకొస్తుంది. మావాడికి ఇదొక్కటే దారి. నా చోట నువ్వుంటే ఏం చేసేవాడివి?"

"నీ మొహం మీదే చెప్పి మరీ పోటీకి దిగేవాణ్ని."

ఇంట్లో మా ఆవిడ అంతా విని, "తమ్ముడని వెనకేసుకు రాను. అలాగని వాడి గుమ్మం తొక్కొద్దని మాత్రం అనకండి" అంది. అనలేదు.

ఏడాది గడిచింది. అమ్మాయి పగలు కొట్టులో కూర్చుంటూ, సాయంత్రం క్లాసులుండే కాలేజీలో చేరింది. కాలేజీ చిన్నది, ఫీజు నా తాహతులోనే ఉంది. ఇన్నేళ్లూ 'ఒరేయ్' అన్న బావమరిదిని ఇప్పుడు 'మీరు' అంటున్నాను. గోడ కొలతలు చెబితే ఎంత రంగు పడుతుందో అమ్మాయి నోటిలెక్కతోనే తేల్చేస్తుంది, అందుకని మేస్త్రీలంతా మా కొట్టుకే వస్తున్నారు. అమ్మకాలు పెరిగాయి. దాన్ని లాభం అనడానికి నాకు నోరు రావడం లేదు.