ఒక్క గుక్క

రెబెక్కమ్మ నీళ్లకుండ మీద మూకుడు బోర్లించి, దాని మీద రెండు చేతులూ ఆనించి కూర్చుంది. ఆ చేతులు తీయించాలంటే ముందు తన పీక నొక్కాల్సిందేనని కొడుకుతో చెప్పింది కూడా.

ఎదురుగా చాప మీద మనవరాలు కరుణాకుమారి. నిన్నటిదాకా ఇల్లు పీకి పందిరేసిన పిల్ల, ఒక్క పూటలో ఎండుచేపలా అయిపోయింది. కలరా. కళ్లు గుంటలు పడ్డాయి. పొద్దుటినుంచీ ఒంటికి పోయలేదు. పొట్ట మీద చర్మం పట్టి లాగితే లాగినట్టే నిలబడుతోంది. వాకాడు ఆసుపత్రికి పోదామంటే వానలకు స్వర్ణముఖి పొంగి దారి మునిగిపోయింది. పడవ వేస్తానని పోయిన ముత్యాలయ్య ఏటి ఒడ్డునుంచే వెనక్కి వచ్చాడు.

"అవ్వా, నీళ్లు," అంది పిల్ల. గొంతు రాలేదు, పెదవులే కదిలాయి.

"వొద్దు తల్లీ. తాగితే పోతావు."

ఆ ఊళ్లో కలరా పట్టినవాళ్లకు నీళ్లియ్యరు. పోసినకొద్దీ బయటికి పోతున్నాయి కదా, పోయకపోతే అదే ఆగుతుందని నమ్మకం. వినడానికి న్యాయంగానే ఉంటుంది. ఏళ్ల కిందట రెబెక్కమ్మ ఆ కట్టు ఒకసారి తప్పింది. చిన్నకొడుకు ఏసుమణి పసివాడు, నీళ్లు నీళ్లని పొద్దుటినుంచీ ఏడుస్తుంటే తట్టుకోలేక, ఎవరూ చూడకుండా ఒక్క గుక్క పోసింది. పొద్దుగూకక ముందే వాడు పోయాడు. చేజేతులా బిడ్డను చంపుకున్నాననే మాట ఆమె మొగుడికి చెప్పలేదు, ప్రార్థనలో దేవుడికీ చెప్పుకోలేకపోయింది.

పెద్దకొడుకు జకరయ్య బడిపంతులు. పంచాయతీ రేడియోలో విన్న కొత్త సంగతులను ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి అరుగు మీద నాలుగు ముక్కల్లో చెప్పడం అతనికి సరదా. చచ్చినవాడి గుండె బతికినవాడికి పెట్టి కుట్టారన్నాడు. చంద్రుడి మీద మనిషి నడిచాడన్నాడు. జనం ఊఁ కొట్టి, ఇళ్లకు పోయి పులుసన్నం తిన్నారు. పోయిన నెల కలరా సంగతి ఎత్తినప్పుడు మాత్రం రెబెక్కమ్మ కొంగు దులుపుకొని మధ్యలోనే లేచిపోయింది.

ఇప్పుడతను ఆ మాటలే ఆమె కాళ్లు పట్టుకొని చెబుతున్నాడు.

"అమా, కలరాలో మనిషి పోయేది ఒంట్లో నీళ్లన్నీ పోయేబట్టే. ఉత్త నీళ్లు పోస్తే పేగు సరిగ్గా పీల్చుకోదు. ఉప్పూ చక్కెరా కలిపి పోస్తే, చక్కెర ఉప్పును చెయ్యిపట్టి లోపలికి తీసకపోతుంది. ఉప్పు వెనకాలే నీళ్లు పోతాయి. ఢాకాలో డాక్టర్లు కనిపెట్టినారు. జనం బతికినారమా!"

"నీ రేడియో ఏమన్నా బిడ్డల్ని కన్నదారా?"

కోడలు ప్రేమలీల అప్పటిదాకా పిల్ల అరికాళ్లు రుద్దుతూ ఉంది. తల ఎత్తకుండానే అంది: "అత్తా, ఇయ్యకపోయినా పోయేటట్టే ఉంది గదా. దప్పిక తీర్చుకొని పోనీ."

ఆ మాటకు రెబెక్కమ్మ చేతులు వాటంతటవే జారిపోయాయి.

జకరయ్య కుండలోని నీళ్లు కాచి చల్లార్చి చెంబులో పోసి, చిటికెడు ఉప్పు, పిడికెడు చక్కెర వేసి కలిపాడు. ఉప్పెంతో సరిగ్గా గుర్తులేక రెండుసార్లు నాలుక మీద వేసుకొని చూశాడు. మొదటి గుక్క పిల్ల కక్కేసింది.

"చెప్తిని గదరా! చంపేస్తివి!" రెబెక్కమ్మ గుండెలు బాదుకుంది. అతను వినిపించుకోలేదు. చెంచా, ఇంకో చెంచా. కక్కితే కాసేపాగి మళ్లీ చెంచా. చూడలేక ఆమె గోడవైపు తిరిగింది. కోడలి ఏడుపు ఎప్పుడు లేస్తుందా అని వీపుతో వింటూ కూర్చుంది.

దీపాలు పెట్టే వేళకు లేచింది ఏడుపు. రెబెక్కమ్మ కళ్లు మూసుకుంది.

"అత్తా, ఒంటికి పోసింది! పాప ఒంటికి పోసింది!"

పాకుతూ పోయి చూసింది. పొట్ట మీద చర్మం పట్టి వదిలితే చక్కగా సర్దుకుంది. పిల్ల కళ్లలో చెమ్మ వచ్చింది. "అవ్వా, ఇంకా," అంది, ఈసారి గొంతుతోనే.

"ఇదంతా తాగిందా?" ఖాళీ చెంబు ఎత్తి చూసింది రెబెక్కమ్మ.

"ఇది మూడో చెంబమా. ఇంకా తాగాల. ఎంత పోతే అంత పొయ్యాల."

ఆమె చెంబు కింద పెట్టింది. నవ్వుతూ ఏడుస్తున్న కొడుకును చూసింది, మనవరాలిని చూసింది.

"నేను ఒక్క గుక్కే పోసినాను రా," అంది.

"ఎవురికమా?"

"కుండ నిండా నీళ్లుండినాయి రా ఆ పొద్దు."