మడి బావి

కాలువ నుంచి తెచ్చిన బిందె దించానో లేదో మా అత్త హనుమాయమ్మ ఎదురొచ్చింది. "మా అబ్బాయి చౌడయ్య పేరు రాయి మీద చెక్కించారంట. పక్కనే చలివేంద్రమంట. కుండలు నింపే పని నీకే ఇచ్చారు అంకమ్మరావు గారు. ఎంత పుణ్యమే!"

ఏడవాలో సంతోషించాలో నాకు తెలియలేదు. ఆ పుణ్యం ఎవరిదో అంతకన్నా తెలియలేదు.

యుద్ధం అయిపోయిన మరుసటి వేసవిలో, బెజవాడలో అంకమ్మరావు గారి బట్టల గిడ్డంగి తగలబడింది. ఆర్పడానికి ఫైరింజను మీద వెళ్ళినవాళ్ళలో ముగ్గురు కప్పు కూలి చనిపోయారు. అందులో మా ఆయన ఒకడు. బతికుండగా కంచం ముందు కూర్చుని "నీళ్ళు" అనేవాడు. చెంబు ఆయన చేతికి జానెడు దూరంలోనే ఉండేది, అయినా నేను పొయ్యి దగ్గర నుంచి లేచొచ్చి అందించాలి. నడుం నొప్పంటే, "ఇంట్లోకి నీళ్ళు మోయడం కూడా ఒక పనేనా? మా పంపు పట్టుకుంటే తెలుస్తుంది" అని నవ్వేవాడు. అలాంటి మనిషి నీళ్ళందక పోయాడు. జాలిపడదామంటే కోపం అడ్డొస్తుంది. కోపం తెచ్చుకుందామంటే ఏడుపొస్తుంది.

నీళ్ళందలేదని నాకు చెప్పింది ఆయనతో పనిచేసే శౌరయ్య. ఇంజనులో నీళ్ళు అయిపోయాయట. గిడ్డంగి పెరట్లో నిండు బావి ఉంది. దానికి చెక్క మూత, మూతకు తాళం. "గొట్టం దించుతాం, తాళం ఇవ్వండమ్మా అన్నానక్కా. అంకమ్మరావు గారి తల్లిగారు నా వంక చూసి, 'నువ్వు దించితే మడి బావి మైలపడుద్ది, అబ్బాయిని రానీ' అన్నారు. ఆయనొచ్చి తాళం తీసేసరికి కప్పు కూలింది."

ఆ మాట అత్తతో అంటే, "పెద్దింటివాళ్ళకి మడి ఉండదా? వాడి రాత అంతే" అంది. తాళం రాత ఎలా అవుతుందో నాకర్థం కాలేదు. రాయి వేయించేంత మంచివాళ్ళ గురించి ఇలా ఆలోచిస్తున్నానంటే నా బుద్ధే వంకరేమోనని కూడా అనిపించింది.

పని చూపిస్తామని పిలిస్తే వెళ్ళాను. పెరటి గోడ పడగొట్టి, బావి పక్కనే రాయి పాతారు. కొత్త కుండలు బోర్లించి ఉన్నాయి. రాయికి దండ వేయడానికి ఫైరింజను వాళ్ళొచ్చారు, శౌరయ్య వాళ్ళ వెనక నిలబడ్డాడు.

"అమ్మా మాణిక్యం, రేపు తెల్లారకముందే కాలువ నీళ్ళు తెచ్చి నింపేసి వెళ్ళిపో" అన్నారు అంకమ్మరావు గారు, మెత్తగానే. "పెద్దలంతా ప్రారంభానికి వచ్చేవేళకి నువ్వు ఎదురుపడితే బాగోదు. నీకు తెలియనిదేముంది?"

ముండమోసిందాన్ని, నాకు తెలుసు. పేరు నా మొగుడిదట, మోత నాదట, ముఖం మాత్రం పనికిరాదట.

"కాలువ దాకా దేనికండీ? ఇక్కడే బావి ఉందిగా" అన్నాను.

"అది మడి బావి గదమ్మా."

మూతకు తాళం అలాగే ఉంది. మా ఆయన మీద కోపం పోలేదు, ఏడుపూ పోలేదు. ఎవరిది తప్పో ఇప్పటికీ పూర్తిగా తేల్చుకోలేను. అయినా బిందె తీసుకెళ్ళి ఆ మూత మీద పెట్టాను.

"ఈ రాయి వద్దండీ. ఈ మూత ఊడదీయించి, ముగ్గురి పేర్లూ దీనిమీద రాయించి, ఇక్కడ నిలబెట్టండి. అప్పుడు కుండలు నేనే నింపుతాను, పట్టపగలు. నీళ్ళు శౌరయ్య తోడతాడు."