ఛార్జింగ్ ఓన్లీ

నేనొక డేటా కేబుల్‌ని. వైరు అని పిలవకండి, ఒళ్ళు మండుతుంది. బట్టలారేసుకునేది వైరు. నాలో నాలుగు తీగలున్నాయి. రెండు కరెంటు మోస్తాయి, మిగతా రెండూ ఫొటోలు మోస్తాయి. ఫోనులో ఫొటో ఎంతుంటే అంతా, వెంట్రుకవాసి తగ్గకుండా కంప్యూటర్లోకి దింపడానికి నన్ను పుట్టించారు. ఫ్యాక్టరీలో పరీక్ష పెడితే నాలుగు తీగలూ పాసయ్యాయి. పాసైనందుకు నన్ను తణుకు పంపించారు.

తణుకులో కొండలరావు మాస్టారి కొత్త ఫోనుతోపాటు పెట్టెలో దిగాను. ఆయన హైస్కూల్లో సైన్సు చెబుతారు. కరెంటు పాఠం ఏటా చెబుతారు. నా గురించి ఆయనకు తెలిసింది ఒకటే: గోడకి గుచ్చితే ఫోను నిండుతుంది. ఒకే ఒక్కసారి ఇంట్లో కంప్యూటరుకి తగిలించారు. ఫైళ్ళు పంపమంటారా, ఛార్జింగ్ ఓన్లీనా అని ఫోను మర్యాదగా అడిగింది. మాస్టారు చెయ్యి కాలినట్టు ఉలిక్కిపడి "ఛార్జింగ్ ఓన్లీ" నొక్కారు.

"వైరస్ ఎక్కేస్తదే కుమారీ," అన్నారు భార్యతో.

ఇదే మనిషి, పదకొండు మందికి పంపితే శుభవార్త వింటారని వచ్చిన ప్రతి లింకూ నొక్కుతారు. పన్నెండో మనిషికి కూడా పంపుతారు, ఎందుకైనా మంచిదని.

కుమారి గారు ఇంకో రకం. ఓసారి దారం దొరక్క నాతో ములక్కాడలు కట్టి ఫ్రిజ్జులో పెట్టారు. రెండు రోజులున్నాను. బిగుసుకుపోయింది చలికి కాదు, అవమానానికి.

ఇదంతా భరించాను. భరించలేనిది వేరే ఉంది.

మాస్టారి తల్లి సూరాయమ్మ గారికి ఫొటో అంటే గిట్టదు. తీస్తే ఆయుష్షు తరుగుతుందని కొంగు మొహానికి అడ్డం పెట్టుకునేవారు. ఎనభై ఏళ్ళలో ఆవిడ కెమెరా ముందు కూర్చున్నది గుర్తింపు కార్డు కోసమే. అందులో ఎవరినో తిట్టబోతూ ఆగినట్టుంటారు.

కిందటి వేసవిలో ఒక మధ్యాహ్నం ఆవిడ చేతులకి నూనె రాసుకుని, వరండాలో కూర్చుని పనసపొట్టు కొడుతున్నారు.

"అత్తయ్యగారూ, మీ అబ్బాయి ఇంకో కాయ తెచ్చారండి," అన్నారు కుమారి గారు.

"ఇంకోటా! ఈసారి కాయ పక్కనెట్టి నీ మొగుణ్ణే పొట్టు కొట్టేత్తాను చూడు," అని ఆవిడ పగలబడి నవ్వారు.

రెండు చేతులకీ నూనె. కొంగు లాక్కోవడానికి వీల్లేదు. మాస్టారు టక్కున ఫొటో తీసేశారు. ఫోను ఛార్జింగులో ఉండగానే వాడటం ఆయన అలవాటు కాబట్టి ఫొటోలో కుడి మూల నా తోక కూడా పడింది. ఏం ఫొటో అది! ముక్కుపుడక రాయి మెరుపు, చెంప మీద పుట్టుమచ్చ, పైపన్ను ఊడిన సందు, కనుబొమ్మ మీద ఆగిన చెమట చుక్క, అన్నీ ఉన్నాయి.

నన్ను కంప్యూటరుకి తగిలిస్తే చిటికెలో పని. మాస్టారు దాన్ని ఫ్యామిలీ గ్రూపులో పెట్టారు. పంపేటప్పుడే సగానికి సగం చిక్కిపోయింది. ఇక గ్రూపు పని గ్రూపు చేసింది. కుమారి గారి తమ్ముడు వరప్రసాద్ గారు వైరు అసహ్యంగా ఉందని నన్ను కోసేశారు. ఎవరో చెంప నున్నగా చేశారు, పుట్టుమచ్చ పోయింది. ఎవరో ప్రేమకొద్దీ పన్ను పెట్టించారు. ఇంకెవరో దాన్ని స్క్రీన్‌షాట్ తీసి, ఆ స్క్రీన్‌షాట్‌ని మళ్ళీ స్క్రీన్‌షాట్ తీసి, కింద తామరపువ్వు అతికించి తిరిగి గ్రూపులోకే వదిలారు. అందరూ దణ్ణాలు పెట్టారు.

మార్గశిరంలో సూరాయమ్మ గారు పోయారు. పెద్దకర్మకి ఫొటో ఫ్రేము కట్టించాలి. మాస్టారు నన్ను, ఫోన్నీ జేబులో వేసుకుని నూకరాజు స్టూడియోకి వెళ్ళి, తామరపువ్వు ఫొటో చూపించారు.

నూకరాజు దాన్ని కంప్యూటర్లో పెద్దది చేసి చూశాడు. "మాస్టారూ, ఇది ఫొటో కాదండి, ఉప్మా అండి. ఫ్రేముకి కొడితే మొహం గడులుగడులుగా వచ్చేత్తదండి."

"ఫోన్లో బానే కనపడతందయ్యా!"

"ఫోన్లో అన్నీ బానే కనపడతాయండి. మీరు తీసిన అసలు ఫొటో ఉంటే ఇవ్వండి. గ్రూపులో పంపకండి మహానుభావా, కేబుల్ పెట్టండి."

కేబుల్! ఆరేళ్ళలో ఒక మనిషి నన్ను నా పేరుతో పిలవడం అదే మొదలు. మాస్టారి వేలు ఛార్జింగ్ ఓన్లీ వైపు వెళ్తుంటే నూకరాజే ఫోను లాక్కుని ఫైళ్ళు పంపమని నొక్కాడు. ఫ్యాక్టరీ పరీక్ష తర్వాత నా ఫొటోల తీగలు రెండిట్లోకీ మళ్ళీ ఇప్పుడే ప్రాణం వచ్చింది. మోయడం మొదలుపెట్టాను. గుడ్ మార్నింగ్ గులాబీలు మోశాను. శుభ శనివారాలు మోశాను. పొగలు కక్కే కాఫీ కప్పులు, ఉదయించే సూర్యుళ్ళు, పొరపాటున తీసిన మాస్టారి మోకాలు మూడుసార్లు, అన్నీ మోశాను. నాలుగు వేల ఆరొందలు. మోస్తూ మోస్తూ వేసవికి వచ్చాను. ఆ మధ్యాహ్నం వచ్చింది.

పనసకాయ ఫొటో ఉంది. సూరాయమ్మ గారిది లేదు.

"ఇక్కడే ఉండాలే..." మాస్టారు గొంతు సవరించుకున్నారు. "ఫోను నిండిపోతందని తీసేశానయ్యా. గ్రూపులో ఉందిగా, ఎక్కడికి పోద్దిలే అని."

"మరి గులాబీలు తీసెయ్యలేపోయారాండి?"

"పంపినోళ్ళు ఏమనుకుంటారో అని..."

చుట్టాలకి ఫోను చేస్తే వాళ్ళ దగ్గరా తామరపువ్వే ఉందన్నారు. గ్రూపులో వెనక్కి వెనక్కి వెళ్ళి వెతికారు. మొదట పంపిన ఫొటో తెరుచుకోలేదు. పంపినవారిని మళ్ళీ పంపమని అడగండి అని రాసుంది. పంపింది ఆయనే.

నూకరాజు తామరపువ్వు తీసేసి, ఉప్మానే ఫ్రేము కట్టాడు.

పెద్దకర్మ రోజు హాల్లో ఫ్రేముకి దండ వేసి చుట్టూ రంగు లైట్లు పెట్టారు. పక్కనే ప్లగ్గులో నేను, నా కొసకి మాస్టారి ఫోను. మొహం ఉండాల్సిన చోట పొగమంచు. నవ్వు ఉండాల్సిన చోట తెల్లటి మరక.

"అబ్బ, అత్తయ్యగారు ఇప్పుడే పిలిచేలా ఉన్నారు బావా," అన్నారు నన్ను కోసేసిన వరప్రసాద్ గారు. చుట్టాలందరూ తలలూపారు.

సూరాయమ్మ గారి చెల్లెలు బుల్లెమ్మ గారు ఆచంట నుంచి వచ్చారు. చావుకి అందలేదు, ఆఖరిచూపు దక్కలేదు. నేరుగా ఫ్రేము దగ్గరికొచ్చి నిలబడ్డారు. దగ్గరికి జరిగారు. దూరం జరిగారు.

"ఒరే కొండలూ, అక్క మొహం ఆనట్లేదేంట్రా నాకు?"

వరప్రసాద్ గారు దండ సరిచేశారు.

"నీకు కళ్ళల్లో పొర ముదిరినట్టుంది పిన్నీ," అన్నారు మాస్టారు. "వచ్చే వారం డాక్టరుకి చూపిద్దాంలే."

"అయ్యుంటదిలేరా," అని ఆవిడ అద్దాలు తీసి కొంగుతో తుడుచుకున్నారు. పెట్టుకుని చూశారు. మళ్ళీ తీసి తుడుచుకున్నారు.

ఆవిడ కళ్ళు శుభ్రంగా ఉన్నాయి. ఆ సంగతి హాల్లో అందరికీ తెలుసు.