అర్జీ మీద పొలుసు

"చదివేదేముందే, అందరి మంచికే కదా, పెట్టు సంతకం" అన్నాడు ఆ రోజు శోభనాద్రి. పెద్దింట్లమ్మ పండుగప్పలకు పొలుసు గీకుతోంది. పొద్దున్నే బందరులో రైలెక్కి గుడివాడ చేరకపోతే, వీధులు తిరిగేసరికి ఎండెక్కి చేప మెత్తబడిపోతుంది. మొగుడే రైల్వేకిచ్చే అర్జీ కాగితం పట్టుకుని గబగబా చదివేశాడు. పాత రైలు పట్టాలు మార్చాలి, కొత్త పెట్టెలు వెయ్యాలి, ప్రతి పెట్టెలోనూ మరుగుదొడ్డి ఉండాలి. ఆ మూడోది ఆవిడ పట్టుబట్టి రాయించింది. పాత పెట్టెలో దొడ్డి తలుపుకు గొళ్లెం లేదు. అందుకే చేపల గంపల ఆడవాళ్లంతా గుడివాడలో దిగేదాకా గుక్కెడు నీళ్లయినా తాగరు. మగవాళ్లు రాసుకున్న ఏ అర్జీలోనూ ఆ దాహం లేదు. ఆవిడ తడి చేత్తోనే సంతకం పెట్టింది. తర్వాత వారం రోజులు, అమ్మకం ముగించుకుని, గిన్నెలు తోముకుని, ఇల్లిల్లూ తిరిగింది. "నేను పెట్టాగా, మీరూ పెట్టండే" అని అరవై మంది చేపలమ్మే ఆడవాళ్ల చేత సంతకాలు పెట్టించింది.

రెండేళ్లకు పని జరిగింది. రాష్ట్రం కూడా వాటా వేసిందన్నారు. పట్టాలు మారాయి. పై నెల ఒకటో తారీఖు నుంచి కొత్త పెట్టెలు.

నిన్న ఎప్పట్లాగే టికెట్టు కొనుక్కుని కూడా తలుపు దగ్గర నేల మీదే కూర్చుంది. పెడన దాటాక, గుడివాడలో నర్సుగా చేసే కృపాకుమారి ఫోను చూస్తూ చూస్తూ ఆగిపోయింది.

"పెద్దింట్లమ్మక్కా, కొత్త పెట్టెల్లో చేపల గంపలు ఎక్కనివ్వరంట. ప్రయాణికులే అడిగారంట. ఇదిగో, సీజన్ టికెట్ల సంఘం వాళ్లు మీ అర్జీ ఫొటో పెట్టారు."

ఆ రోజు మొగుడు చదవకుండా వదిలేసిన నాలుగోది పైకి చదివింది. 'దుర్వాసన కలిగించే చేపల గంపలను పెట్టెల్లోకి అనుమతించరాదు.' కింద సంతకాలు. మొట్టమొదటిది పెద్దింట్లమ్మదే. పక్కనే అంటుకుని ఎండిపోయిన చేప పొలుసు.

ఇంటికొచ్చి అడిగితే శోభనాద్రి తడుముకోనైనా లేదు. "తెలిసే రాశాను. ఏం, వాసన లేదా? చదువుకున్నోళ్లు నన్ను సంఘంలో మెంబర్ని చేశారు. అంత మంచి రైల్లో నా పెళ్లాం గంపేసుకుని నేల మీద కూర్చుంటే నా పరువేం గాను? ఆటోలో పో."

ఆటోలో పోతే వచ్చిందంతా ఆటోకే. ఆ మాట వాడికి తెలియదా? ఇరవై ఏళ్లుగా ఆ వాసనే అన్నమై వాడి కంచంలో పడుతోంది. పులుసులో తలకాయ ముక్క మొదట వాడికే వెయ్యాలి, అప్పుడు రాని వాసన రైలెక్కితే వస్తుందా? మొగుడు మోసం చేశాడని కాదు ఆవిడకి అంత మంట. ఐదో తరగతి చదివిన కళ్లు తనకూ ఉన్నాయి. చెయ్యి కడుక్కుని ఆ కాగితం అందుకోవడానికి ఎంతసేపు పట్టేది? తనని నమ్మిన అరవై మందిని తన చేత్తోనే రైల్లోంచి దింపేసింది.

ఇవాళ పెద్దింట్లమ్మ రైలెక్కలేదు. గంప ముందు పీట వేసి, కత్తి శోభనాద్రి చేతిలో పెట్టింది. "గీకు" అంది. వాడు నోరు తెరిచేలోపే చేతులు కడుక్కుని, తుడుచుకుని, తెల్లకాగితం ముందేసుకుంది. అక్షరాలు వంకర పోతున్నాయి. పోనీ. మరుగుదొడ్డికి గొళ్లెం ఉండాలి. గంపలకు ఒక పెట్టె ఉండాలి. గంపలతో చేపలమ్మే మాకు అందులో కూర్చోడానికి సీట్లు ఉండాలి. ఇది ముందు అరవై మందికీ చదివి వినిపించాలి, అప్పుడు ఏం జరిగిందో కూడా చెప్పాలి, తిట్టినా పడాలి.

వాడు పొలుసు చేతులతోనే లేచి వచ్చి తొంగి చూశాడు. "నేనెక్కడ పెట్టమంటావు సంతకం?" అన్నాడు.

"నీది అక్కర్లేదు. ఇది రైలెక్కేవాళ్లది."