జీన్సు బొంత మీద గుట్ట ఎద్దు

హిమబిందుకు ఆఫీసు నుంచి తిన్నగా ఇంటికి పోయే అలవాటు లేదు. కరెంటాఫీసులో ఇంజనీరు ఉద్యోగం. సాయంత్రం అయిదు దాటిందంటే స్కూటీ బళ్ళారి సందులన్నీ తిరగాల్సిందే. వడ్రంగి అంగడి ముందు పడున్న ప్లైవుడ్ తునకలు, బోర్డులు చేసేవాళ్ళు పారేసిన ఆక్రిలిక్ ముక్కలు, చెప్పుల అంగడి వెనక తోలు పేలికలు, ఏది కనబడినా బండి ఆపుతుంది, అడుగుతుంది, డిక్కీలో వేసుకుంటుంది.

ఇంటి మిద్దె మీద గదిలో ఆమెకొక చిన్న లేసర్ మిషను ఉంది. కంప్యూటర్లో బొమ్మ గీసి ఇస్తే చాలు, వెంట్రుకంత సన్నటి వెలుగుతో చెక్కనైనా తోలునైనా ఆ గీత వెంబడి కోసేస్తుంది, కోయొద్దంటే పైపైన కాల్చి బొమ్మ చెక్కుతుంది. కొత్త పలకలు కొని ఆ పని చేయడం ఆమెకు రుచించదు. ఎవరో వద్దనుకున్న ముక్కలోంచి ఒక గడియారమో గోడ దీపమో బయటికొస్తేనే ఆమెకు ఆనందం. "పాత సామాన్ల గుజిరీ అంగళ్ళోళ్ళు నీకు భయపడి తలుపులేసుకుంటున్నారంట" అని భర్త హరిబాబు ఎగతాళి చేస్తాడు.

ప్రతి శనివారం వడ్రంగి తిప్పేశ్ ఆమె కోసం ఒక గోనెసంచి నిండా తునకలు ఎత్తిపెట్టేవాడు. ఒక శనివారం పోతే సంచి ఖాళీ. మరుసటి శనివారమూ అంతే.

"ఏం చేసేది అక్కా! ఒక అవ్వ వస్తాండాది. పొద్దున్నే వచ్చి అంతా ఊడ్చుకోని పోతాది. బేడ, వద్దు అనేకి నాకు ధైర్యం రాదు."

"వాటితో ఆవిడకేం పని?"

"నీళ్ళ అండా కింద పెడ్తాది. పోసుకునేకి నీళ్ళు కాగాల కదా."

హిమబిందు ఖాళీ సంచిలోకి తొంగిచూసింది. ఒక్క ముడి లేని నున్నటి ప్లైవుడ్డు, స్నానాల పొయ్యిలోకి!

ఆ తరువాతి శనివారం అంగడి తెరవకముందే పోయి కూర్చుంది. కాసేపటికి టీవీఎస్ బండి ఒకటి దుమ్ము రేపుకుంటూ వచ్చి ఆగింది. చీర కుచ్చెళ్ళు ఎగదోపుకుని, నిటారుగా కూర్చుని ఉన్న మనిషి. అరవై అయిదు దాటి ఉంటాయి. పేరు రామలక్ష్మమ్మ. కొడుకులకు లారీలున్నాయి, ఇంట్లో గీజరుంది. అయినా కట్టెల మీద కాగిన నీళ్ళయితేనే ఆమెకు స్నానం చేసినట్టుంటుంది.

"మామ్మగారూ, ఈ చెక్కలు కాల్చకూడదండీ. ఇందులో జిగురుంటుంది. ఆ పొగ పీలిస్తే మంచిది కాదు" అంది హిమబిందు.

"మామ్మ ఏంది? అవ్వా అను. కాలువ కిందోళ్ళ పాపవా?"

"ఎమ్మిగనూరండీ. మా తాతలు కృష్ణా వైపు నుంచి వచ్చి ఇక్కడ కాలువ కింద పొలాలు చేశారు."

"అట్ల చెప్పు. మరి నువ్వేం చేస్తావు వీటిని?"

"లేసర్ మిషన్లో పెట్టి బొమ్మలు చెక్కుతాను."

"ఎట్ల చెక్కుతాది?"

"కాల్చి."

రామలక్ష్మమ్మ నడుం మీద చెయ్యి పెట్టుకుంది. "నేను కాలిస్తే పొగ, నువ్వు కాలిస్తే బొమ్మనా?"

లోపల తిప్పేశ్ నవ్వు ఆపుకోలేక దగ్గు నటించాడు. హిమబిందుకూ నవ్వొచ్చింది. తన గదిలో పొగను లాగి బయటికి తోసే గొట్టం ఉందని చెప్పింది కానీ, వాదన నెగ్గలేదని ఆమెకే తెలుసు. చివరికి బేరానికి దిగింది. పుట్టింటి గట్ల మీద తుమ్మ చెట్లున్నాయి, తమ్ముడు ట్రాక్టరులో ఎండు మొద్దులు పంపిస్తాడు, తునకలు మాత్రం తనకు వదిలెయ్యాలి.

"తుమ్మ మొద్దులా!" రామలక్ష్మమ్మ కళ్ళు మెరిశాయి. "ముందే చెప్పాల కదమ్మే!"

మొద్దులు దిగిన రోజే ఆమె మిషను చూడటానికి మిద్దెక్కింది. వెలుగుచుక్క చెక్క మీద పరుగెత్తుతుంటే నెమలి ఒక్కొక్క ఈకే లేచి రావడం కుర్చీ అంచున కూర్చుని చూసింది. మర్నాటి నుంచి ఆమెకూ అదే పని అయింది. ఊళ్ళో ఏ అంగడి వెనక ఏం పారేస్తారో హిమబిందు కంటే ఆమెకే ఎక్కువ తెలిసొచ్చింది. టీవీఎస్ ముందర సంచి లేని రోజు లేదు.

ఒకరోజు ఎర్రగా నిగనిగలాడే చుట్ట ఒకటి తెచ్చి గర్వంగా పరిచింది. కార్లకు సీటు కవర్లు కుట్టే అంగడి నుంచి. "తోలు! చూడు ఎంత బాగుండాదో."

హిమబిందు వేళ్ళతో తడిమి తల అడ్డంగా ఊపింది. "ఇది వద్దు అవ్వా. తోలు కాదు, రెగ్జిను."

"ఎండలో తిరిగి నేను తెస్తే, ఊరికే ముట్టుకోని వద్దంటావా?"

"ముట్టుకుంటేనే తెలుస్తుందవ్వా. ఉండండి, చూపిస్తాను."

వంటింటి కిటికీ తెరిచి, గ్యాసు పొయ్యి వెలిగించి, రాగి తీగ కొసను ఎర్రగా కాల్చింది. దాన్ని రెగ్జినుకు ఆనించి, అంటుకున్న కాస్త ముద్దతో మళ్ళీ మంటలో పెట్టింది. మంట ఒక్కసారిగా ఆకుపచ్చగా లేచింది. పచ్చ మంట వస్తే అందులో క్లోరిన్ ఉన్నట్టు, దాన్ని లేసరుతో కోస్తే వచ్చే గాలి మిషన్ను తుప్పు పట్టిస్తుంది, మన ఊపిరితిత్తులనూ తినేస్తుంది అని చెప్పింది. తరువాత అసలు తోలు ముక్క కాల్చింది. మంట రంగు మారలేదు.

రామలక్ష్మమ్మ అలక ఎటు పోయిందో! "ఏదీ, ఆ తీగ నాకియ్యి" అని కొంగున ముడేసుకుంది.

రెండ్రోజులకే హిమబిందుకు ఆఫీసులో ఫోను వచ్చింది. సీటు కవర్ల అంగడివాడు. "మేడం, మీ అవ్వను పిల్చుకోని పోండి! నా అంగడి కాల్చేట్టుండాది!"

పరుగున పోతే అంగడి బయట చిన్న గుంపు. మధ్యలో రామలక్ష్మమ్మ, ఒక చేత సిగరెట్టు లైటరు, ఇంకో చేత తీగ. "తోలని చెప్పి ఈయప్పకు అంటగడ్తాండావు. చూడు, మంట పచ్చగా ఉండాది!" అంటోంది. అంగడివాడు నెత్తి కొట్టుకుంటున్నాడు. కారు సీట్లు వేయించుకోవడానికొచ్చిన మనిషి మాత్రం కడుపు పట్టుకుని నవ్వుతున్నాడు. ఆయన పేరు సిద్దేశ్. జీన్సు ప్యాంట్లు కుట్టించే యూనిట్టు ఉంది.

"హోగ్లి బిడు, పోనీలే అప్పా, ఈసారి అసలు తోలే వెయ్" అని అంగడివాణ్ణి సముదాయించి, రామలక్ష్మమ్మ వైపు తిరిగాడు. "నీకు తునకలు కావాల్నా అవ్వా? నా యూనిట్లో కటింగు ముక్కలు గుట్టలు గుట్టలుగా పడుండాయి. ఎంత కావల్నో అంత తీస్కపో."

అట్లా జీన్సు గుడ్డ మిద్దెక్కింది. హిమబిందు అంతవరకూ గుడ్డ మీద చెక్కలేదు. మొదటి ముక్క చిల్లులు పడింది. వెలుగు జోరు తగ్గించి, పరుగు పెంచితే, కాలిన చోటల్లా నీలిరంగు పోయి తెల్లటి గీత తేలింది. సున్నంతో గీసినట్టుంది.

రామలక్ష్మమ్మ ఆ ముక్కను మోకాలి మీద పెట్టుకుని చాలాసేపు చూసింది. "దీని మీద మా ఊరి గుట్ట ఎద్దు వస్తాదా?"

ఆమె పుట్టింది సంగనకల్లు. ఆ పక్క గుట్ట బండల మీద వేల ఏళ్ళ కిందటివాళ్ళు రాయితో కొట్టి కొట్టి దించిన ఎద్దుల బొమ్మలున్నాయి. చిన్నప్పుడు మేకల వెంట పోయి ఆ ఎద్దుల వీపు మీద వేలు పెట్టి గీసేదట. పెళ్ళయి వచ్చాక మళ్ళీ ఎక్కలేదు.

ఆదివారం ఇద్దరూ టీవీఎస్ మీద బయల్దేరారు. ఎండ నిలువుగా ఉన్నంతసేపూ బండ బోసిగానే కనబడింది. హిమబిందు తప్పుచోటికి వచ్చామేమో అనుకుంది. "కూసో. పొద్దు వాలనీ" అంది రామలక్ష్మమ్మ. పొద్దు వాలింది. ఏటవాలు వెలుగులో నల్లబండ మీద పొడుగు కొమ్ములు, మూపురం, సన్నటి కాళ్ళు మెల్లగా తేలాయి. ఆమె దగ్గరికి పోయింది కానీ ఈసారి వేలు పెట్టలేదు. "ఉండాదే, ఉండాదే" అని మాత్రం రెండుసార్లు అనుకుంది. హిమబిందు ఎద్దును కొమ్ముల నుంచి కాళ్ళ దాకా ఫోటోలు తీసుకుంది.

ఎద్దు జీన్సు మీద తెల్లగా దిగింది. దాని చుట్టూ తునకలు చేర్చి రామలక్ష్మమ్మ చేత్తో బొంత కుట్టింది. అయ్యాక ఇంట్లో పరుచుకుని ఊరుకుందా? సిద్దేశ్ యూనిట్టుకు తీసుకుపోయి, మిషన్ల దగ్గర కుట్టే ఆడవాళ్ళందరికీ పరిచి చూపించింది.

మరుసటి ఆదివారం హిమబిందు టీ తాగుతుండగా మెట్ల మీద చెప్పుల చప్పుడు. చూస్తే ముందు రామలక్ష్మమ్మ, వెనక బారుగా ఆడవాళ్ళు, అందరి చేతుల్లోనూ జీన్సు తునకలు.

"వీళ్ళకూ బొంతలు కావల్నంట. ఎవురి బొమ్మ వాళ్ళే చెప్తారు" అంది రామలక్ష్మమ్మ, అదేమంత పెద్ద సంగతి కాదన్నట్టు.

ఒకామెకు తన పాడి బర్రె కావాలి, ఫోనులో ఫోటో కూడా తెచ్చింది. ఇంకొకామెకు పుట్టింటి ముందున్న వేపచెట్టు. ఉష అనే పడుచుపిల్ల కాసేపు సిగ్గుపడి, "నాకు విమానం, అక్కా. ఇంకా ఎక్కలేదు, ఎక్కుతా" అంది. అందరూ గొల్లుమన్నారు. అందరికంటే గట్టిగా నవ్వింది ఆ పిల్లే.

హరిబాబు ఆ గుంపును చూసి వంటింట్లోకి పోయి బొరుగులు తడిపి ఉగ్గాని పనిలో పడ్డాడు. హిమబిందు మిషను మూత ఎత్తి, నీలి ముక్కను ముడతలు లేకుండా పరిచి, "సరే, బర్రె ఎవరిది? ముందుకు రండి" అంది.