మైకమ్మ గొంతు

కంప్యూటరు తెర మీద పసుపు బొమ్మను నొక్కి మైకమ్మ చేతులు కట్టుకుంది. "ప్రయాణికులకు మనవి, వాగు దాటి వెళ్ళే బస్సు బయలుదేరుతున్నది" అని బస్‌స్టాండంతా ఆమె గొంతు మోగింది. ఆమె పెదవులు కదల్లేదు. గొంతుకు ఆపరేషనై ఏళ్ళయింది. మాట పూర్తిగా పోయింది. పోకముందే బస్‌స్టాండు కంట్రోలరు ఆమెను కూర్చోబెట్టి, బస్సులన్నిటి పిలుపులూ చెప్పించి కంప్యూటరులో దాచాడు. అప్పట్నుంచీ తన గొంతును తానే పిలుస్తూ ఉద్యోగం చేస్తోంది.

"నోరు మూసుకుని ఇంత గట్టిగా అరిచేది లోకంలో మా మైకమ్మొక్కతే" అని కండక్టర్లు ఏడిపించేవారు. ఆమె భుజాలు కదిలేలా నవ్వేది. ఆఖరి బస్సు పిలుపు చివర్లో చిన్న నవ్వుంది. అది రికార్డు చేసిన రోజు కూతురు ఎదురుగా నిలబడి మూతి వంకరపెట్టింది మరి. ఆ కూతురే ఇప్పుడు ఆదివారాలు కొడుకును ఎత్తుకొచ్చి, "అదిగో, అమ్మమ్మ మాట్లాడుతోంది" అని స్పీకరు వైపు చూపిస్తుంది. వాడికి ఆమె గొంతు తెలిసింది అక్కడే.

నిన్న ఒక మెకానిక్కు వచ్చి కంప్యూటరుకు కొత్త సిస్టం ఎక్కించి పోయాడు. ఈ ఉదయం డిస్కులో జాగా లేదంటూ ఎర్రగీత పడింది. ఏదీ సేవ్ కావడం లేదు. కంట్రోలరు హెడ్డాఫీసుకు ఫోను కలిపి రిసీవరు ఆమెకిచ్చి బస్సుల దగ్గరికి వెళ్ళాడు. ఆమె ఒకసారి తడితే అవునని, రెండుసార్లు తడితే కాదని. ఆ లెక్క హెడ్డాఫీసు కంప్యూటరాయనకు తెలుసు.

"పాత సిస్టం మొత్తం ఒక ఫోల్డరులో మూటకట్టి ఉంటుందమ్మా. సగం డిస్కు అదే మింగేసింది. మీ రికార్డింగులు దాని బయటే ఉన్నాయా?"

మైకమ్మ తెర చూసింది. పసుపు బొమ్మలన్నీ వరసగా కళ్ళెదుటే ఉన్నాయి. రిసీవరు మీద ఒకసారి తట్టింది.

"అయితే పూర్తిగా తీసెయ్యండి."

ఆయన చెప్పినట్టే నొక్కింది. కాసేపటికి ఎర్రగీత నీలమైంది. ఇల్లు ఊడ్చుకున్నంత హాయిగా అనిపించింది. వాగు బస్సు తర్వాతిది కొండ బస్సు. నొక్కింది. చప్పుడు లేదు. పక్క బొమ్మ నొక్కింది. దాని పక్కది. ఫైలు దొరకలేదని తెర చెప్పింది. ఆమె నోరు తెరిచింది. గాలి తప్ప ఏమీ రాలేదు.

కంప్యూటరాయన మధ్యాహ్నం స్వయంగా వచ్చాడు. పోయినవాటిని వెతికే ప్రోగ్రాం పెట్టి చాలాసేపు కూర్చున్నాడు. నిన్నటివాడు గొంతుల్ని పాత మూటలోనే వదిలేసి, పైన బొమ్మలు మాత్రం అతికించి పోయాడట. జాగా దొరకడమే ఆలస్యం, ఆగిపోయిన కొత్త సిస్టం మిగతా భాగమంతా వచ్చి అక్కడే కూర్చుందట, ఇక ఆ గొంతులు తిరిగి రావట.

"నేను చూసి చెప్పాల్సింది తల్లీ. వేరే కాపీ ఏమైనా ఉందా?"

ఆమె బల్ల మీద రెండుసార్లు తట్టింది.

ఆయన తలొంచుకుని ఒక మిషను గొంతును ఎక్కించాడు. ఆడగొంతే. స్పష్టంగా, తడబాటు లేకుండా పలికింది. మైకమ్మ కిటికీ దగ్గరికి వెళ్ళి బయటికి చూసింది. జనం సంచులు ఎత్తుకున్నారు, పిల్లల్ని లాక్కున్నారు, బస్సెక్కారు. ఒక్కరూ తలెత్తలేదు.

వాగు బస్సు కండక్టరు కిటికీలోంచి తొంగి చూశాడు. "ఏంటి మైకమ్మా, ఇవాళ నీ గొంతు పడుచుదనం తెచ్చుకుంది?"

ఆమె భుజాలు కదల్లేదు. అతని మొహంలోకి అలాగే చూస్తూ ఉండిపోయింది. అతను నవ్వు ఆపేసి వెళ్ళిపోయాడు.

సాయంత్రం కంట్రోలరు వచ్చేసరికి గది తలుపు దగ్గరగా వేసి ఉంది. తాళంచెవి బల్ల మీద పెట్టి ఉంది. మర్నాడు ఆమె రాలేదు. ఆ తర్వాతా రాలేదు. కబురు పంపితే, ఇక రాదని కూతురు చెప్పింది.

మైకు వెనకాల ఆమె ఫ్లాస్కు ఉండిపోయింది. గొంతు బొంగురుపోకుండా ఉద్యోగంలో చేరిన రోజు నుంచి ఆమె రోజూ తెచ్చుకునే వేడినీళ్ళు, చల్లారిపోయి, సగానికి పైగా అందులోనే ఉన్నాయి.